మొదటి గిన్నె మా ఇంట్లనే

పోయిన నెల ఝరాసంగంలో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన, వడ్డించేవాళ్లు ఇంకా పప్పు బకెట్ దగ్గరే ఉండగా, తన ముందున్న స్టీలు పళ్లెం ఎత్తి, తిరగేసి, అడుగున ఏముందో కళ్లు చిట్లించుకుని చూశాడు. "ఏం జూస్తున్నవే మామా, అడుగున లడ్డు దాసిపెట్టిన్రా?" అని ఎదురుగా కూర్చున్న కుర్రాడెవరో అంటే బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ నా వల్ల కాలేదు. పెళ్లి భోజనంలో పళ్లెం తిరగేసి చూసే మనిషిని నేను అంతకుముందు ఒక్కరినే చూశాను. ఆయన పోయి ఏడాది దాటింది.

జహీరాబాద్ బజార్లో ఆయనకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. ఊరంతా గిన్నెల కాక అనేది. అసలు పేరు ఆధార్ కార్డుకు, దవాఖాన చీటీలకు తప్ప ఎందుకూ పనికిరాలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయడం లేదు. వాళ్ల ఇంటి వెనక గల్లీ మాది. మా నాన్న కంటే వయసులో కాస్త చిన్న, అందుకని నాకూ కాకే. ఆయన భార్యను చిన్నమ్మా అనేదాన్ని.

ఏ ఫంక్షన్‌కు పోయినా కాక ముందు పళ్లెం తిరగేసేవాడు. అడుగున ఏ గుర్తు ఉంది, రేకు మందం ఎంత, అంచు సరిగ్గా మడిచారా లేదా చూసుకుని, వేలితో ఒకసారి కొట్టి, అప్పుడు తిండికి సిద్ధమయ్యేవాడు. "పెండ్లి పిల్లను జూడనీకి ఒచ్చిన్రా, పళ్లాలు జూడనీకి ఒచ్చిన్రా?" అని చిన్నమ్మ మోచేత్తో పొడిచేది. "పెండ్లి పిల్లను వాళ్లోళ్లు జూసుకుంటరు. పళ్లాన్ని ఎవరు జూస్తరే?" అనేవాడు. ఒకసారి న్యాల్‌కల్‌లో పెళ్లివారు నొచ్చుకున్నారు కూడా. తమ ఇంటి పళ్లాలు కడగలేదని అనుమానించాడనుకున్నారు పాపం.

మనుషుల పేర్లు ఆయన నోటికి రావు. వాళ్లు కొన్న సామాను వస్తుంది. "రా ఇడ్లీ పాత్ర సారూ", "బాగున్నవా గంగాళం అవ్వా" అనేవాడు. ఆఫీసులో అందరినీ గడగడలాడించే ఒక పెద్ద ఉద్యోగి గంటసేపు బేరమాడి చివరికి టీ జల్లెడ ఒక్కటే కొనుక్కున్నాడు. బదిలీ అయి వెళ్లిపోయే దాకా ఆయన మా బజారుకు టీ జల్లెడ సారే. నా పెళ్లికి కాక దగ్గర మా అమ్మ పోపుల డబ్బా కొన్నది. పిల్లలకు తెలుగు చెప్పే టీచర్ని, జుట్టు నెరుస్తున్నదాన్ని, నడిబజార్లో "పోపుల డబ్బా బిడ్డా!" అని కేకేస్తే ఎంత పరువు పోవాలో అంతా పోయేది. నాకు కోపం వచ్చేది. ఇప్పుడెవరూ అట్లా పిలవరు, అదీ బాగాలేదు.

కొన్న గిన్నె మీద పేరు చెక్కడానికి ఆయన దగ్గర చిన్న కరెంటు మిషను ఉండేది. పేరు చెప్తే సరిపోదు, ఎవరికో ఎందుకో కూడా చెప్పాలి. పెండ్లికా, పురిటికా, గృహప్రవేశానికా అని ఆరా తీసేవాడు. చెప్పకపోతే మిషను పెట్టడు. "మనిషెవరో తెల్వకుండ పేరెట్ల కొడ్తం?" అనేవాడు. నాలుక కొంచెం బయటపెట్టి, ఊపిరి బిగబట్టి చెక్కేవాడు. అక్షరాలు వంకర టింకరగా వచ్చేవి. చెక్కడం అయ్యాక లోహపు పొడి ఉఫ్ అని ఊది, తువ్వాలతో తుడిచి, పేరు మీద అరచెయ్యి ఉంచి "సల్లగుండు" అనేవాడు. గిన్నెతో అన్నాడో మనిషితో అన్నాడో మనకు తెలియదు.

ఇక ఆయన దుకాణానికి అసలైన పేరు తెచ్చింది మొదటి గిన్నె. హైదరాబాద్ నుంచి కొత్త మాలు దిగితే ఆ రోజు అమ్మకం లేదు. కట్టలు విప్పి, అందులోంచి ఒక గిన్నెనో చెంబునో తీసి ఇంటికి పట్టుకెళ్లేవాడు. చిన్నమ్మ దాన్ని కడిగి, పసుపు బొట్టు పెట్టి, పాలు పొంగించేది. ఇంట్లో అందరూ ఆ పాలు తాగాలి. మర్నాడు పొద్దున దుకాణంలో అమ్మకం మొదలు. ఇంటికి వెళ్లిన గిన్నె మళ్లీ దుకాణానికి రాదు, ఇంట్లోనే వాడాలి. వాళ్ల నాన్న ఇత్తడి బిందెలు అమ్మినప్పటి నుంచి ఉన్న పద్ధతట. "మొదటి గిన్నె మా ఇంట్లనే. ముందుగాల మేం తిన్నంకనే మీకు" అని గర్వంగా చెప్పేవాడు. "ఒక్క గిన్నె చూస్తే మాలంతా చూసినట్టేనా కాకా?" అని నేనొకసారి ఏడిపిస్తే, "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి జూస్తరా, కుండంత పిసుకుతరా? పంతులమ్మవు, గా మాత్రం తెల్వదా?" అన్నాడు.   ఆడపిల్లకు సామాన్లు పెట్టాలంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా ఆ మాట నమ్ముకునే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు.

అట్లా ఉండగా ఆ వార్త వచ్చింది. ముందు ఫోన్లలో, తర్వాత పేపర్లలో. ఎక్కడో ఒక దవాఖానలో మూలన పడి ఉన్న పాత యంత్రాన్ని తుక్కు కింద అమ్మేశారట. దాని లోపల కంటికి కనిపించని కిరణాలు వెదజల్లే ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. దాన్ని తీసి భద్రపరచాలి. తీయలేదు. తుక్కుతో పాటు అదీ కొలిమిలో కరిగింది, స్టీలులో కలిసింది, ఆ స్టీలు రేకులై, రేకులు గిన్నెలై బజారుకు వచ్చాయి. రంగు తేడా ఉండదు, వాసన ఉండదు, రుచి తెలియదు.  మర్నాడు మా ఊళ్లో హోటల్‌కు పోయిన ప్రతివాడూ "గాజు గ్లాసుల చాయ్ పొయ్యి" అనడం మొదలుపెట్టాడు. మా గల్లీలో ఒకాయన తన బట్టతలకు ఇన్నేళ్లకు కారణం దొరికిందని, నేరమంతా వాళ్ల ఇంటి గరిటె మీద వేశాడు.

మేమిట్లా నవ్వుకుంటుండగానే కాకకు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయనకు మాలు పంపే వ్యాపారి. అడుగున లేడి బొమ్మ ఉన్న లేడి గుర్తు గిన్నెల మీద అనుమానం ఉందట, మిగిలిన సరుకు చప్పుడు చేయకుండా వాపస్ పంపమన్నాడు. "అమ్మిన వాటి సంగతేంది?" అంటే "అవి మర్చిపో కాకా" అన్నాడట.

ఆ లేడి గుర్తు మాలులోని మొదటి గిన్నె ఎప్పటిలాగే కాక ఇంట్లో ఉంది. మూత ఉన్న పాల గిన్నె. ఆయన కూతురు మంజుల బీదర్ నుంచి పురిటికి వచ్చి ఉంది. తొలిచూలు, ఏడు నెలలు నిండాయి. రోజూ సాయంత్రం చిన్నమ్మ ఆ గిన్నెలోనే పాలు కాచి, మిరియాలు వేసి కూతురికి ఇస్తోంది.

పెరుగు తోడు కోసం నేను వెళ్లేసరికి చిన్నమ్మ వంటింట్లో గిన్నెను చింతపండు పెట్టి తోముతోంది. కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. కాక గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మొదటి గిన్నె మొదటి గిన్నె అని ఊరంత జెప్పుకుంటివి. ఊరోళ్లు మంచిగుండాలె, నా బిడ్డ కడుపుల పిల్ల ఏమైనా పర్వాలేదా నీకు?" అంది చిన్నమ్మ.

"గట్లనకే. నాకు తెలిస్తే తెస్తునా?"

"తెల్వకనే తెస్తివి. అదే నా ఏడుపు."

మంజుల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. "అమ్మా, ఊకో. నాయిన కావాలని చేసిండా?" అంది గానీ వంటింట్లోకి అడుగు పెట్టలేదు.

చిన్నమ్మ చింతపండు అయ్యాక బూడిద అందుకుంది. వేపాకు నీళ్లు కూడా పొయ్యి మీద మరుగుతున్నాయి. "చిన్నమ్మా, అది పైన అంటుకున్నది కాదు, లోపల కలిసింది. తోమితే పోదు" అన్నాను మెల్లగా.

"పోకుంటే పోకపాయె బిడ్డా. నా చేతులకు ఏదన్న పని ఉండాలె గదా" అంది. నేను పక్కన కూర్చుని బూడిద అందించాను. అంతకంటే చేయగలిగింది నాకూ కనిపించలేదు.

మర్నాడు పొద్దున ఊళ్లో మైకు కట్టిన ఆటో తిరిగింది. అందులోంచి వచ్చింది కాక గొంతే. "నేను గిన్నెల కాకను మాట్లాడుతున్న. మొన్న పెండ్లిళ్లప్పుడు నా దుకాణంల లేడి గుర్తు గిన్నెలు కొన్నోళ్లు వాటిల వండకున్రి, తినకున్రి. దుకాణానికి పట్టుకరాన్రి, వేరేవి ఇస్త. పరేషాన్ కాకున్రి. నా ఇంట్ల సుత గదే గిన్నె ఉన్నది." ఆ చివరి మాట ధైర్యం చెప్పడానికే అన్నాడు. ఆటో గల్లీ గల్లీ తిరిగి అదే మాట వినిపిస్తుంటే మంజుల చెవుల మీద దుప్పటి కప్పుకుని పడుకుంది.

బజార్లో మిగతా గిన్నెల దుకాణాల వాళ్లు మీదికి వచ్చారు. "నువ్వు మునిగితే మునుగు. మమ్మల్నెందుకు ముంచుతవ్ కాకా? ఇగ స్టీలు ఎవడు కొంటడు?"

"కొనకుంటె కుండలల్ల వండుకుంటరు. మన తాతలు బతకలేదా?" అన్నాడు. వాళ్లకు ఆ జవాబు ఏం నచ్చుతుంది!

జనం సంచులతో, బుట్టలతో వచ్చారు. లేడి గుర్తు ఉన్నవీ తెచ్చారు, లేనివీ తెచ్చారు. ఒకావిడ వాళ్ల అమ్మమ్మ నాటి సొట్టల చెంబు తెచ్చి, లేడి ఉండేదనీ అరిగిపోయిందనీ అంది. కాక దాన్ని తిరగేసి చూసి, కొత్త చెంబు చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. "నిన్ను మోసం జేస్తుంటే తెలుస్తలేదా కాకా?" అంటే "భయంతోని ఒచ్చిందో ఆశతోని ఒచ్చిందో మనకేమెరుక? ఇప్పుడు లేడి ఉన్నదా లేదా అని కొట్లాడే మొఖమా నాది?" అన్నాడు. తెచ్చినవన్నీ దుకాణం వెనక, మనుషులు మసలని రేకుల షెడ్డులో పెట్టించాడు.

నేను రాయికోడ్ మండలంలో ఒక పల్లెటూరి బడిలో పనిచేస్తాను. షేర్ ఆటోలో రోజూ పోయి వస్తాను. ఆ వైపు ఎవరెవరు ఏమేం కొన్నారో, దాని మీద ఏ పేరు కొట్టాడో కాక తడుముకోకుండా చెప్పాడు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చాను. అట్లా తెచ్చిన వాటిలో సువార్త ఇచ్చిన పళ్లెం ఒకటి. సువార్తది మా బడి పక్క ఇల్లు. పత్తి చేలల్లో కూలికి పోతుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది. కూతురు దీవెన అన్నం తినడం మొదలుపెట్టినప్పుడు జహీరాబాద్ వచ్చి చిన్న పళ్లెం కొని, పిల్ల పేరు కొట్టించుకుని పోయింది. "గిదొక్కటే కొత్తది మా ఇంట్ల. మంచిగ చూసి మళ్ల తెచ్చియ్యి టీచరమ్మా" అని, తుడిచి మరీ ఇచ్చింది. నేనే సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

మైకు సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి ఇద్దరు అధికారులు చేతిలో పట్టుకునే చిన్న యంత్రంతో వచ్చారు. కిరణాలు ఉంటే అది గడగడా చప్పుడు చేస్తుందట, లేకపోతే అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటుందట. దుకాణం ముందు బజారంతా గుమిగూడింది. ముందు చిన్నమ్మే ముందుకొచ్చింది. తోమి తోమి గీతలు పడిన పాల గిన్నెను కొంగులో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. అధికారి యంత్రాన్ని దగ్గరకు తెచ్చాడు.  టిక్. చాలాసేపటికి ఇంకొక టిక్. గిన్నె తిప్పి పెట్టి చూశాడు, మూత చూశాడు.

"ఇందులో ఏమీ లేదమ్మా. నిశ్చింతగా ఉండండి" అన్నాడు.

చిన్నమ్మ ఉన్నచోటే కూలబడి మంజుల కాళ్లు పట్టుకుంది. మంజుల ఏడుస్తూ నవ్వింది. కాక ఆ యంత్రానికి దండం పెట్టాడు. అందరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. ఒక్క మెతుకు చూశాం, అన్నమంతా బాగుందనే అనుకున్నాం. కొందరు తమ గిన్నెలు చూపించకుండానే ఇంటికి పట్టుకుపోబోయారు. అధికారులు ఆపి, అన్నీ చూడాల్సిందేనన్నారు.

చాలాసేపు యంత్రం బద్ధకంగా టిక్కుమంటూనే ఉంది. తర్వాత రెండు గరిటెల దగ్గర చప్పుడు పెరిగింది. ఆ తర్వాత, నేను తెచ్చిన సంచిలోంచి తీసిన చిన్న పళ్లెం దగ్గర అది ఆగకుండా గడగడలాడింది. అధికారి దూరం జరిపి మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. పళ్లెం అంచు మీద వంకర అక్షరాల్లో దీవెన అని ఉంది.

"ఒకటే లారీల ఒచ్చిన మాలు సారూ. మా ఇంట్ల గిన్నె మంచిగుంటె ఇదెట్ల గిట్లైతది?" అన్నాడు కాక.

"గుర్తు ఒకటే గానీ రేకు ఒకటి కాదు పెద్దాయనా. ఒక్కో గిన్నెకు ఒక్కో చోటి నుంచి రేకు వచ్చి ఉంటుంది. ఒకటి చూసి ఇంకోటి చెప్పలేం" అన్నాడు అధికారి.

కాక వంగి, పళ్లెం మీద తాను చెక్కిన పేరు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయితె ఇన్నేండ్ల సంది నేను ఊరికి జెప్పింది ఉత్త మాటనే గదా బిడ్డా" అన్నాడు. కాదని చెప్పాలని నోటి దాకా వచ్చింది. కానీ అది నిజమే.

పళ్లెంలో ఉన్నది ఎక్కువేమీ కాదనీ, కానీ వాడకూడదనీ, పాపను ఒకసారి పెద్ద దవాఖానలో చూపించమనీ అధికారులు చెప్పారు. ఆ మాట నేను సువార్తకు చెప్తానన్నాను. కాక వద్దన్నాడు. "పేరు కొట్టింది నేను. చెప్పేది సుత నేనే" అని మర్నాడు నాతో పాటు ఆటో ఎక్కాడు.

సువార్త అప్పుడే పత్తి ఏరి వచ్చి, పిల్లకు స్నానం చేయిస్తోంది. కాక నిలబడే అంతా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. సువార్త చేతిలో చెంబు కింద పెట్టి, తడి పిల్లను అట్లాగే రొమ్ముకు హత్తుకుంది.

"నా పిల్లకు ఏమైతది?"

"తెల్వదవ్వా. ఏం గాదంటున్నరు. దవాఖానకు నేను తీస్కపోత."

"మీ ఇంట్ల సుత గిదే గిన్నె ఉన్నదని మైకుల జెప్పిన్రట. అది మోగిందా?"

"లేదు."

"గట్లనా" అంది సువార్త. పిల్లను కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేదని తిరుగు ఆటోలో కాక నాతో అన్నాడు.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, భయపడాల్సినంత లేదనీ, పళ్లెం వాడింది కొద్దికాలమేననీ, అయినా మనశ్శాంతి కోసం కొన్నేళ్లు ఏడాదికోసారి రక్తం చూద్దామనీ చెప్పింది. అప్పటి నుంచి ఏటా ఆ ప్రయాణం కాకదే. తోడుగా నేనూ వెళ్లేదాన్ని. మొదటి ఏడు సువార్త బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు, ఆయన తెచ్చిన రొట్టె ముట్టలేదు. పిల్లకేం తెలుసు? కాక ఒళ్లోకి ఎక్కి, జేబులో వేరుశనగలు వెతుక్కుని తిని, భుజం మీద తల వాల్చి పటాన్‌చెరు దాకా నిద్రపోయేది. పిల్ల లేస్తుందని ఆయన మెడ కూడా తిప్పేవాడు కాదు. రానురాను సువార్తే "పొద్దుగాల షుగర్ గోలి ఏసుకున్నవా కాకా?" అని గదమాయించడం మొదలుపెట్టింది.

అధికారులు వచ్చిపోయిన రెండు నెలలకే మంజులకు ఆడపిల్ల పుట్టింది. బంగారంలాంటి పిల్ల, ఏ లోపమూ లేదు. కాక దవాఖానకు వచ్చాడు, దూరం నుంచి చూశాడు, వెళ్లిపోయాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసినప్పుడు పిల్లను చేతికివ్వబోతే "నడుము పట్టేసింది" అన్నాడు. తర్వాత జలుబన్నాడు. తర్వాత చేతులకు నూనె ఉందన్నాడు. మనుమరాలికి గజ్జెలు పంపాడు, గౌన్లు పంపాడు, ఎత్తుకోవడం మాత్రం ఎత్తుకోలేదు.

ఒక బతుకమ్మ పండక్కి వచ్చినప్పుడు మంజుల మా ఇంట్లో కూర్చుని తంగేడు పూలు తుంపుతూ ఏడ్చింది. "ఆడపిల్ల పుట్టిందని నాయినకు మనసుల లేదక్కా. రాయికోడ్ పోరినేమో భుజం మీదేసుకొని హైదరాబాద్ తిప్పుతడట. నా బిడ్డ ఏం పాపం జేసింది?"

నాకు కోపం ఆగలేదు. నేరుగా దుకాణానికి పోయి నిలదీశాను. కాక గిన్నెలు తుడుస్తూ తలెత్తకుండా విన్నాడు.

"ఆడపిల్లని కాదు బిడ్డా. ఎత్తుకుందామని చేతులు సాపుత. మీ గిన్నె మోగిందా అని సువార్త అడిగిన మాట యాదికొస్తది. మా గిన్నె మోగలేదని విని నేను దండం పెట్టిన సూడు, గప్పుడే ఆ పిల్ల పళ్లెం నీ సంచిల ఉండె. దీవెనకు ఏం లేదు, ఇగ రావొద్దని డాక్టరమ్మ చెప్పాలె. గా మాట ఇనేదాక నా మనుమరాలిని ఎత్తుకొని ముద్దాడితే, నా పిల్ల దక్కింది సాలు అన్నట్టుంటది."

"నీకు నువ్వు శిక్ష ఏసుకుంటే ఏసుకో. మంజులకెందుకు ఏస్తున్నవ్? పసిదానికెందుకు ఏస్తున్నవ్?"

"అదే సమజైతలేదు" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు. మంజులకు చెప్తానంటే, "చెప్తె గది సుత ఏడుస్తది, దీవెన కోసం భయపడ్తది. వద్దు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఇంత మంచి మనిషి ఇంత మొండి ఎందుకయ్యాడో అని తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ మొండితనానికే ఆయన మీద నాకు ప్రేమ ఎక్కువైంది, అది వేరే సంగతి. మంజులకు చెప్పొద్దన్నాడు గానీ సువార్తకు చెప్పొద్దనలేదు. మర్నాడు బడి అయ్యాక సువార్త ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

దీవెన బడిలో చేరిన ఏడు మళ్లీ హైదరాబాద్ వెళ్లాం. కాక అప్పటికే బాగా చిక్కిపోయాడు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, నవ్వి, "తాతా, ఇంక మీరు రానక్కర్లేదు. పాప బంగారంలా ఉంది. అందరి పిల్లల్లాగే పెంచుకోండి" అంది.

"పక్కానా అమ్మా?"

"పక్కా."

"గా మాట పిల్ల తల్లికి జర చెప్పున్రి" అన్నాడు. ఎదురుగానే ఉన్న సువార్తకు డాక్టరమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక సువార్త దీవెనను దగ్గరకు లాక్కుని, చాలాసేపు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత కాక వైపు తిరిగింది.

"టీచరమ్మ నాకు చెప్పింది, నీ మనుమరాలి ముచ్చట. ఆనాడు కడుపు మండి అన్న. నీ బిడ్డకు ఏమన్న గావాలని అన్లేదు కాకా. పో, ఇగ ఎత్తుకోపో."

కాక తల ఊపాడు. బీదర్ బస్సు జహీరాబాద్ మీదుగానే వెళ్తుంది. అందులోనే ఎక్కాం. మా స్టాండులో సువార్త, దీవెన దిగి రాయికోడ్ ఆటో కోసం వెళ్లారు. నేను దిగి చూస్తే కాక సీట్లోంచి కదల్లేదు. "నువ్వు ఇంటికి పో బిడ్డా. చిన్నమ్మకు చెప్పు, నేను బీదర్ పోతున్న అని." ఆ నీరసంలో ఒక్కడినీ పంపడానికి మనసొప్పలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి నేనూ మళ్లీ ఎక్కాను.

మేం వెళ్లేసరికి ఇంకా పొద్దు ఉంది. మంజుల తలుపు తీసి కంగారుపడింది. "ఏమైంది నాయినా? అమ్మ మంచిగున్నదా?" ఆయన తిన్నగా లోపలికి నడిచాడు. చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు. లోపల గచ్చు మీద మూడేళ్లు దాటిన మనుమరాలు బొమ్మలు పరుచుకుని ఆడుతోంది. కాక వంగి, దాని చంకల కింద చేతులు వేసి, ఒక్కసారిగా పైకి ఎత్తాడు. ఎప్పుడూ ఎత్తుకోని మనిషి ఎత్తేసరికి పిల్ల భయపడి కన్నడంలో "బేడ, అజ్జా, బేడ" అని, వద్దు తాతా వద్దంటూ కాళ్లు కొట్టుకుంది. 

"నాయినా, దించు! నడుము పట్టేస్తది. అది మస్తు బరువున్నది" అంది మంజుల.

"దీవెన మంచిగున్నదట బిడ్డా. రాయికోడ్ పిల్ల. ఏం లేదట. ఇగ రావొద్దని డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు కాక, ఆయాసపడుతూ. "దీన్ని చిన్నగున్నప్పుడే ఎత్తుకోవాల్సింది. అప్పుడు చాతగాలేదు."

మంజుల తండ్రి ముఖంలోకి చూసింది, నా ముఖంలోకి చూసింది. నేను తల ఊపాను. పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. మంజుల దాన్ని తీసుకోలేదు. దగ్గరకు వచ్చి, తండ్రి చేతులు జారకుండా, వాటి కింద తన చేతులు పెట్టింది.